ఎవరి నిన్న, ఎవరి రేపు

2012 మార్చిలో ‘ది హంగర్ గేమ్స్’ సినిమా విడుదలైనప్పుడు, ఆ నవలను ప్రాణంగా చదువుకున్న అమెరికన్ కుర్రకారులో కొందరు ట్విటర్‌లో కోపం వెళ్లగక్కారు. రూ అనే పన్నెండేళ్ళ పాప పాత్రను అమాండ్లా స్టెన్‌బర్గ్ అనే నల్లజాతి బాలిక వేసిందన్నదే వాళ్ళ కోపానికి కారణం. తమ ఊహలో రూ బంగారు జుట్టున్న అమాయకపు తెల్లపిల్ల అని ఒకరు రాశారు. ఆ పిల్ల నల్లదని తెలిశాక ఆమె చావు అంత బాధ అనిపించలేదని ఇంకొకరు రాశారు.

రచయిత్రి సుజాన్ కాలిన్స్ ఏమీ దాచలేదు. 2008లో అచ్చయిన మొదటి పుస్తకంలోనే రూ ఒళ్ళూ కళ్ళూ ముదురు గోధుమరంగని రాసింది. నవలలోని దేశం డిస్ట్రిక్టులుగా విడిపోయి ఉంటుంది, ఆ పిల్లది పదకొండోది. అక్కడి జనం తోటల్లో, పొలాల్లో పనిచేస్తారు. పండించిన పంట రాజధానికి పోతుంది. అందులోంచి తిన్నట్టు తెలిస్తే అందరూ చూస్తుండగా కొరడా దెబ్బలు. అమెరికా దక్షిణాది పత్తితోటల చరిత్ర కాస్త తెలిసినవాళ్ళకు ఈ వివరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. అన్నీ పేజీ మీదే ఉన్నాయి. అయినా చదివే కళ్ళు వాటి మీంచి జారిపోయాయి. మనం కన్నీళ్ళు పెట్టాల్సిన పిల్ల తెల్లగానే ఉండాలని ఆ మనసులు ముందే తీర్మానించుకున్నాయి.

ఆ తీర్మానం ఒక్క రూ దగ్గరే జరగలేదు. కథానాయిక కాట్నిస్‌ది కూడా నవలలో తెల్లటి తెలుపు కాదు. ఆలివ్ ఛాయ, నల్లటి జుట్టు, బూడిదరంగు కళ్ళు. సినిమాకి నటిని వెతికేటప్పుడు మాత్రం తెల్లజాతి అమ్మాయిలే కావాలని ప్రకటన వెళ్ళిందని అప్పట్లో పత్రికలు రాశాయి. జెన్నిఫర్ లారెన్స్ జుట్టుకు రంగు వేసుకుని ఆ పాత్ర చేసింది. బాగా చేసింది కూడా. కానీ ఆ పాత్రకు పరీక్షకు నిలబడే వీలు కూడా లేకుండా పోయిన అమ్మాయిలెందరో ఎవరికీ తెలియదు.

డాలస్ దగ్గరుండే మా తమ్ముడి కూతురు ఈ పుస్తకాలు వరసగా చదివేసి ఒకరోజు ఫోన్లో అడిగింది: “అత్తా, ఇండియన్స్ ఏ డిస్ట్రిక్ట్‌లో ఉంటారు?” పన్నెండు డిస్ట్రిక్టులూ గాలించి తన పోలికలు వెతుక్కుందన్నమాట. “మన సంగతి ఇంకో పుస్తకంలో ఉందమ్మా, నువ్వు కొంచెం పెద్దయ్యాక చెప్తాను” అన్నాను. ఆ చెప్పవలసిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

పీడకల లాంటి భవిష్యత్తును ఊహించే ఈ నవలల్ని డిస్టోపియాలంటారు. నాకు ఈ తరహా అంటే చాలా ఇష్టం, గౌరవం. రాజ్యం మనిషిని ఎలా నలిపేస్తుందో ఇవి చెప్పినంత సూటిగా ఇంకే కథలూ చెప్పవు. కానీ ఏళ్ళ తరబడి చదువుతూ వచ్చాక ఒక విషయం నన్ను వదలకుండా పట్టుకుంది. ఈ పుస్తకాల్లో తెల్లవాళ్ళకు ‘రేపు’ జరగబోయే ఘోరాలు చాలావరకు నల్లవాళ్ళకు, ఆదివాసులకు, వలస దేశాల ప్రజలకు ‘నిన్న’ జరిగినవే. ఘోరాన్ని తీసుకున్నారు, అనుభవించిన మనుషుల్ని వదిలేశారు.

ఈ తరహాకు పెద్దల్లో ఒకడైన హెచ్.జి. వెల్స్ అలా వదిలెయ్యలేదు. 1898లో వచ్చిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ మొదటి అధ్యాయంలోనే ఆయన తన పాఠకుల్ని నిలబెట్టి అడిగాడు. లండన్ మీద పడిన అంగారకుల్ని తిట్టేముందు, మనం టాస్మేనియా ఆదివాసుల్ని యాభై ఏళ్ళలో ఎలా తుడిచిపెట్టామో తలుచుకోమన్నాడు. (ఆ జాతి అంతరించిపోయిందని అప్పటి ఇంగ్లిష్‌వాళ్ళు నమ్మారు. వారసులు ఇవాళ్టికీ ఉన్నారు, తమ నేల కోసం మాట్లాడుతూనే ఉన్నారు.) వెల్స్ ఊహకు మూలం ఎక్కడుందో వెల్సే చెప్పాడు. తర్వాత వచ్చిన చాలామంది ఆ చిరునామా చెరిపేశారు.

మార్గరెట్ అట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ 1985లో వచ్చింది. నాకు ఎంతో నచ్చిన నవల అది. గిలియడ్ అనే మతరాజ్యంలో పిల్లల్ని కనగల ఆడవాళ్ళను పట్టుకుని పెద్ద అధికారుల ఇళ్ళకు కేటాయిస్తారు. వాళ్ళకు సొంత పేరుండదు, యజమాని పేరే వాళ్ళ పేరవుతుంది. చదవడం నేరం. అంగళ్ళ మీద అక్షరాలు తీసేసి బొమ్మలు పెడతారు. కన్నబిడ్డ తనది కాదు, పెద్దింటిది. పారిపోవాలంటే ఇంటి నుంచి ఇంటికి రహస్యంగా చేరవేసే దారి ఒకటుంటుంది. మనుషులు ఇదివరకెక్కడా చెయ్యని పని ఒక్కటీ తన నవలలో పెట్టలేదని అట్‌వుడ్ ఎన్నోసార్లు చెప్పింది.

నిజమే. ఇవన్నీ జరిగాయి. ఎవరికి జరిగాయన్నదే నా ప్రశ్న. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని వర్జీనియా 1662లో చట్టం చేసింది. తండ్రి యజమానే అయినా సరే, బిడ్డ ఆయన ఆస్తి. బానిసలకు రాయడం నేర్పితే జరిమానా అని సౌత్ కరొలైనా 1740లో చట్టం చేసింది. ఆఫ్రికా నుంచి కొత్తగా మనుషుల్ని తేవడాన్ని అమెరికా 1808లో నిషేధించాక, ఉన్న నల్ల ఆడవాళ్ళ గర్భాలే తోటల యజమానులకు పెట్టుబడి అయ్యాయి. హ్యారియెట్ జేకబ్స్ అనే ఆవిడ నార్త్ కరొలైనాలో యజమాని వేధింపులు తట్టుకోలేక, అమ్మమ్మ ఇంటి అటక మీద నిలబడటానికి కూడా ఎత్తు లేని చోట దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. చెక్కల సందులోంచి కింద ఆడుకుంటున్న తన పిల్లల్నే చూసేది. పిల్లలకు తల్లి అక్కడ ఉన్నట్టు తెలియదు. తర్వాత ఉత్తరాదికి తప్పించుకుని 1861లో తన కథ తానే పుస్తకంగా అచ్చు వేయించింది. గిలియడ్ అంటే భయపడ్డ పాఠకులు ఆ పుస్తకం కూడా చదవాలని నా కోరిక.

మరి అట్‌వుడ్ నవలలో నల్లవాళ్ళు ఏమయ్యారు? టీవీ వార్తల్లో ఒక ముక్క వస్తుంది. హాము సంతతిని, అంటే నల్లవాళ్ళను, ఉత్తర డకోటాలో వాళ్ళకు కేటాయించిన చోటికి తరలించడం సవ్యంగా సాగుతోందని వార్తలు చదివేవాడు చెప్తాడు. కథ చెప్పే ఆవిడ వింటుంది, ఆ జనాన్ని ఎలా తీసుకెళ్తున్నారో అనుకుంటుంది. కథ ముందుకు వెళ్ళిపోతుంది. కొన్ని వాక్యాల్లో ఒక జాతి మొత్తం పుస్తకంలోంచి బయటికి వెళ్ళిపోయింది. అట్‌వుడ్ ఆ రాజ్యాన్ని జాత్యహంకార రాజ్యంగానే చూపించింది, ఆ విషయంలో ఆమెకు తప్పు పట్టను. అలాంటి రాజ్యం అలాగే చేస్తుంది. కానీ నల్ల స్త్రీల ఒళ్ళ మీద రెండొందల ఏళ్ళు నడిచిన పద్ధతులన్నీ ఇక్కడ మిగిలాయి. ఆ ఒళ్ళు మాత్రం ఇక్కడ లేవు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు మన పెద్దలు. ఇక్కడ కష్టమొకరిది, కన్నీళ్ళు ఇంకొకరికి.

2017లో టీవీ సీరియల్‌గా తీసినవాళ్ళు దీన్ని సరిచేద్దామనుకున్నారు. కథానాయిక స్నేహితురాలిగా, భర్తగా నల్లజాతి నటుల్ని పెట్టారు. జాత్యహంకార రాజ్యమన్న పేరుతో తెరమీంచి నల్లవాళ్ళను తీసేస్తే తామూ అదే చేసినట్టవుతుందన్నారు. ఆలోచన మంచిది. కానీ అలా చేసినప్పుడు గిలియడ్‌కు ఒంటిరంగు పట్టింపే లేకుండా పోయింది. బైబిల్ పట్టుకుని ఆడవాళ్ళను పంచుకునే అమెరికన్ అధికారులు రంగు ఊసే ఎత్తరట! అది నేను నమ్మలేను. మనిషిని తెరమీదికి తెచ్చారు, ఆ మనిషి చరిత్రను బయట నిలబెట్టారు.

ఇక మా తమ్ముడి కూతురికి చెప్పాల్సిన పుస్తకం.

జార్జ్ ఆర్వెల్ ‘1984’ మన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ పేరైనా తెలుసు. పెద్దన్న నిఘా, ఆలోచన నేరం, అబద్ధాలు తయారుచేసే సత్య శాఖ ఇవన్నీ రాజకీయ వ్యాసాల్లో రోజూ కనిపిస్తాయి. కానీ ఆ నవలలో మనం ఉన్నామని ఎంతమంది గమనించారో నాకు సందేహమే. నవల మధ్యలో కథానాయకుడు విన్‌స్టన్ రహస్యంగా చదివే పుస్తకం ఒకటుంది. ప్రపంచాన్ని పంచుకున్న మూడు మహారాజ్యాలు ఎందుకోసం కొట్టుకుంటాయో అందులో వివరంగా ఉంటుంది. టాంజియర్, బ్రజవిల్, డార్విన్, హాంకాంగ్. ఈ నాలుగు ఊళ్ళనూ కలిపి గీత గీస్తే ఆ లోపల పడే నేల కోసం. ప్రపంచ జనాభాలో అయిదో వంతు అక్కడుంది. దక్షిణ భారతం పేరు విడిగా చెప్పి మరీ రాశాడు ఆర్వెల్. అక్కడి కోట్లాది మంది చవక కూలీలు ఒక విజేత చేతిలోంచి ఇంకో విజేత చేతిలోకి మారుతుంటారు, దాదాపు బానిసల్లా. బొగ్గులాగా, చమురులాగా వాళ్ళ ఒళ్ళు ఖర్చవుతాయి.

మన కాకినాడ, మన నెల్లూరు, మన కర్నూలు అన్నీ ఆ గీత లోపలే. తెలుగు పాఠకుడు ‘1984’ చదువుతూ తనను విన్‌స్టన్ అనుకుంటాడు. లండన్‌లో డైరీ రాసుకునే తెల్ల ఉద్యోగితో పాటు భయపడతాడు. పుస్తకం లెక్క ప్రకారం మనకు డైరీ లేదు, అసలు గదే లేదు. పార్టీలో పై పదవుల్లో నల్లవాళ్ళు, యూదులు, దక్షిణ అమెరికా ఆదివాసులు కూడా ఉంటారని, విన్‌స్టన్ దేశమైన ఓషియానియాలో జాతి భేదం పాటించరని ఆ రహస్య పుస్తకమే చెప్తుంది. పై గదిలో భేదం లేదు, పునాది కింద మాత్రం మనమే ఉన్నాం. ఆర్వెల్ దీన్ని చూశాడు, రాశాడు. ఆ మేరకు ఆయన నిజాయితీకి నమస్కారం పెట్టాలి. అక్కడ ఉన్న మనిషి తలలోకి మాత్రం కథ ఒక్కసారి కూడా వెళ్ళదు.

ఆర్వెల్‌కు ఆ మనిషి తెలియక కాదు. ఆయన పుట్టింది 1903లో బీహార్‌లోని మోతిహారిలో. 1922 నుంచి అయిదేళ్ళు బర్మాలో పోలీసు అధికారిగా చేశాడు. అప్పటి బర్మా రేవుల్లో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా మనవాళ్ళే. రంగూన్‌ని మా తీరంలో ‘రంగం’ అంటారు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం పల్లెల్లో ‘రంగం పోయాడు’ అన్న మాట వినని ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరినీ ‘కోరంగీలు’ అనేవారు. 1930 మేలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కడితే, ఆ వెంటనే జరిగిన అల్లర్లలో ఆ కోరంగీలనే వెంటాడి చంపారు.

1936లో ఆర్వెల్ ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’ అనే వ్యాసం ప్రచురించాడు. లోకమంతా పాఠ్యపుస్తకాల్లో పెట్టుకున్న వ్యాసం. మౌల్‌మైన్‌లో మదమెక్కిన ఏనుగు ఒక కూలీని తొక్కి చంపుతుంది. తెల్ల పోలీసు అధికారి జనం చూపులకు లొంగి, ఇష్టం లేకపోయినా ఆ ఏనుగును కాలుస్తాడు. సామ్రాజ్యం తెల్లవాడినే ఎలా కీలుబొమ్మను చేస్తుందో చెప్పే రచన అది. ఏనుగు చావును ఆర్వెల్ వివరంగా రాశాడు. అది ప్రాణం వదిలేదాకా పాఠకుడి గుండె పట్టుకుపోతుంది. చివర్లో కుర్ర తెల్లదొరలు అనుకుంటారు: ఒక కోరంగీ కూలీని చంపినందుకు అంత విలువైన ఏనుగును కాల్చడం తగదని. ఆ కూలీ చనిపోవడం తనకు చట్టం దృష్ట్యా కలిసొచ్చిందని కథ చెప్పే అధికారి కూడా ఒప్పుకుంటాడు.

కోరంగీ అన్నాడు కాబట్టి, బురదలో పడి ఉన్న ఆ మనిషి తెలుగువాడే అయివుండాలి. కాలేజీలో ఈ వ్యాసాన్ని పాఠంగా చదువుకున్నాం. పరీక్షల్లో సామ్రాజ్యవాదం మీద జవాబులు రాశాం. చనిపోయినవాడు మన తీరం నుంచి వెళ్ళినవాడన్న మాట తరగతిలో ఎవరూ అనలేదు. ఆ వ్యాసం ఉన్నదున్నట్టు జరిగిందా, కొంత కల్పించాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ వాదనతో పని లేదు. ఎవరి చావు ఎంత బరువు తూగుతుందన్న లెక్క మాత్రం అందులో పచ్చి నిజం. రూ చచ్చిపోతే అంత బాధ అనిపించలేదన్న కుర్రాడు ఆ దొరల క్లబ్బులోనే పెరిగాడు.

అసలైన డిస్టోపియా ఆ వ్యాసం వచ్చిన ఆరేళ్ళకే బర్మాలో నడిచింది. 1942లో జపాన్ సైన్యం వచ్చి పడగానే లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి కాలినడకన స్వదేశానికి బయల్దేరారు. వేలమంది ఆకలికీ మలేరియాకీ కలరాకీ దారిలోనే పోయారు. తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి ఉందని, ఒకరికి తిండీ నీడా దొరికితే ఇంకొకరికి ఏమీ దొరకలేదని గాంధీజీ ఆ సంవత్సరమే హరిజన్ పత్రికలో మండిపడ్డారు. రాజ్యం కూలిపోయింది. పోలీసు లేడు, ఆస్పత్రి లేదు, బళ్ళు లేవు. పారిపోయే దారి మీద మాత్రం రంగు భేదం చెక్కుచెదరలేదు. హాలీవుడ్ ఏటా తీసే ప్రళయం సినిమాల్లో ఈ ఒక్క సంగతి ఎందుకు కనిపించదు? అన్నీ కూలిపోయాక మనుషులంతా ఒకటవుతారని ఆ సినిమాలు మనకు చెప్తాయి. మా తీరంలోని ముసలివాళ్ళు అలా చెప్పలేదు.

డబ్ల్యు.ఇ.బి. డు బోయిస్ కూడా అలా నమ్మలేదు. నల్లజాతి మేధావుల్లో శిఖరం లాంటి ఆయన 1920లో ‘ది కామెట్’ అనే కథ రాశాడు. తోకచుక్క విషవాయువుకు న్యూయార్క్ అంతా చచ్చిపోతుంది. బ్యాంకులో చిన్న పనులు చేసే జిమ్ అనే నల్ల యువకుడు, జూలియా అనే సంపన్న తెల్ల యువతి మిగులుతారు. లోకంలో ఇద్దరమే అనుకున్న ఆ కొద్ది గంటల్లో వాళ్ళ మధ్య రంగు చెరిగిపోతుంది. అంతలో ఆమె తండ్రి, కాబోయే భర్త వస్తారు. చచ్చింది ఒక్క న్యూయార్కేనని తెలుస్తుంది. మరుక్షణం జిమ్ మళ్ళీ నల్లవాడైపోతాడు. వందేళ్ళ కిందటి ఈ చిన్న కథలో ఉన్నంత చూపు నేను చదివిన లావాటి ప్రళయం నవలల్లో చాలావాటికి లేదు.

ఇక్కడ ఒక దుర్మార్గపు పుస్తకం గురించీ చెప్పాలి. 1973లో జాన్ రస్పాయ్ అనే ఫ్రెంచి రచయిత ‘ల కాం దె సాం’ అనే నవల రాశాడు. కలకత్తా నుంచి లక్షల మంది బీద భారతీయులు పాత ఓడలెక్కి ఫ్రాన్స్ దక్షిణ తీరానికి బయల్దేరడమే అందులోని ప్రళయం. ఆ ఓడల్లోని వాళ్ళకు పేర్లుండవు, మాటలుండవు, కంపు ఉంటుంది. జాలిపడి వాళ్ళను దిగనివ్వడమే తెల్ల నాగరికత చావుకు కారణమని రచయిత వాదన. ఆ నవలలో డిస్టోపియా అంటే మనం రావడం! ఇలాంటి పుస్తకం మూలన పడి ఉంటే నేను దాని పేరెత్తను. కానీ యూరప్‌లో, అమెరికాలో వలసలంటే గిట్టని రాజకీయ నాయకులు ఈ యాభై ఏళ్ళూ దాన్ని జోస్యంలా చేతులు మార్చుకుంటూ వచ్చారు. ‘1984’ మొదట్లో విన్‌స్టన్ డైరీలో కూడా ఒక పడవ ఉంది. మధ్యధరా సముద్రంలో శరణార్థుల ఓడను బాంబు వేసి ముంచితే సినిమా హాలులో జనం నవ్వుతారు. ఆర్వెల్ ఆ నవ్వును చూసి వణికిపొమ్మన్నాడు. రస్పాయ్ ఆ బాంబు వెయ్యలేకపోయినందుకు ఏడవమన్నాడు. ఒకే సముద్రం, ఒకే పడవ.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజినీరును, మా దేశం నుంచి పొండని అరుస్తూ ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. రంగు చూసి ఆయన్ని ఇరాన్ వాడనుకున్నాడట. ఎలాంటి కథలు తలలో తిరిగే మనిషికి, బారులో పక్క టేబుల్ దగ్గర కూర్చున్న ఉద్యోగి దండయాత్రకు వచ్చినవాడిలా కనిపిస్తాడు? ఆ హంతకుడు ఏం చదివాడో ఏం విన్నాడో నేను చెప్పబోవడం లేదు. రంగును బట్టి మనుషుల్ని ముప్పుగా చూపించే కథలు కాగితం మీదే ఉండిపోవని మాత్రం మన కుటుంబాలకు బాగా తెలుసు.

అందుకే ఆక్టేవియా బట్లర్ నాకు అంత ఆప్తురాలు. 1947లో కాలిఫోర్నియాలో పుట్టింది. తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిమనిషి. పెరటి గుమ్మంలోంచి తల్లితో లోపలికి వెళ్ళిన చిన్నప్పటి రోజుల్ని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పుకుంది. ఆ గుమ్మంలోంచి చూసిన లోకమే ఆమె నవలల్లో ఉంటుంది. 1979లో రాసిన ‘కిండ్రెడ్’లో 1976 నాటి నల్లమ్మాయి హఠాత్తుగా బానిసకాలపు మేరీలాండ్‌లో తేలుతుంది. 1993లో రాసిన ‘పారబుల్ ఆఫ్ ది సోవర్’ 2024లో మొదలవుతుంది. నీళ్ళు కొనుక్కోవాలి, ఊరు చుట్టూ గోడ కట్టుకోవాలి, అప్పు తీర్చలేక కంపెనీలకు కట్టుబానిసలు కావాలి. గోడ కూలిపోయాక లారెన్ అనే నల్లపిల్ల హైవే వెంట ఉత్తరానికి నడుస్తుంది. తోడు కలిసేవాళ్ళలో ఏ రంగువాళ్ళు ఎంతమంది, దాన్నిబట్టి దారిలో ఎవరికెంత ప్రమాదం అన్న లెక్క ఆ పిల్ల అడుగడుగునా వేసుకుంటూనే ఉంటుంది. ఆ నడకలో నాకు బర్మా నడక కనిపించింది. 1998లో వచ్చిన రెండో భాగంలో, అమెరికాను మళ్ళీ గొప్పదాన్ని చేస్తానన్న నినాదంతో ఒక మతోన్మాది అధ్యక్షుడవుతాడు. బట్లర్ 2006లో పోయింది. ఆమెకు జోస్యం తెలుసని ఇప్పుడందరూ ఆశ్చర్యపోతున్నారు. తన జాతికి జరిగినదాన్ని మరచిపోకపోవడమే ఆమె విద్య అని నేననుకుంటాను.

ఇంత దూరం వచ్చాక మన ఇంటి సంగతి చెప్పకుండా దాటెయ్యడం న్యాయం కాదు. 1932లో ఆల్డస్ హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ రాసినప్పుడు, సీసాల్లో తయారయ్యే తన మనుషుల తరగతులకు పెట్టిన పేరు కులాలనే. అందరికన్నా అడుగు కులం ఎప్సిలాన్లకు నల్లబట్టలు కట్టించాడు. అంతకు ఆరేడేళ్ళ ముందు ఆయన భారతదేశంలో తిరిగి పుస్తకం కూడా రాశాడు. ఆ నవల చదివే మనవాడు తనను పై కులపు ఆల్ఫాగా ఊహించుకుంటాడు తప్ప లిఫ్టు నడిపే ఎప్సిలాన్‌గా ఊహించుకోడు. అట్‌వుడ్ నియమాన్నే పాటించి, జరగనిది ఏదీ రాయకుండా తెలుగులో డిస్టోపియా రాస్తే వర్జీనియా దాకా వెళ్ళాల్సిన పని లేదు. ఆమె నవల వచ్చిన 1985లోనే, జులై 17న, కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు మాదిగల్ని వెంటాడి నరికి చంపారు. నీళ్ళ దగ్గరికి రావద్దనడం, అక్షరం దగ్గరికి రావద్దనడం, ఊరికి ఒక మూలన ఉండమనడం. ఇవన్నీ మనం రేపటి కోసం ఊహించుకోనక్కర్లేనివి. తెల్లవాళ్ళ పుస్తకాల్లో మనకు చోటు లేదని అడిగే హక్కు మనకుంది. ఆ ప్రశ్న మన పుస్తకాల్ని కూడా అడగాలి.

కాబట్టి ఇప్పుడు తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాస్తున్న యువ రచయితలకు నాదొక మనవి. మీ రేపటి నగరంలో మురుగు ఎవరు తీస్తారో, పంట ఎవరు కోస్తారో, పారిపోయేటప్పుడు ఎవరికి బండి దొరుకుతుందో ముందు తేల్చుకోండి. కథ ఆ మనిషి కళ్ళతో చెప్పండి. అనువాదకులకు ఇంకో మనవి: డు బోయిస్ ‘ది కామెట్’ ఒక్క పూటలో చదివేంత కథ, దాన్ని తెలుగు చెయ్యండి.

నాటకాల వాళ్ళకు మరొకటి. మంజులా పద్మనాభన్ ‘హార్వెస్ట్’ అనే ఇంగ్లిష్ నాటకానికి 1997లో గ్రీసు దేశపు ఒనాసిస్ బహుమతి వచ్చింది. ముంబైలో ఒక ఇరుకు గది. ఉద్యోగం పోయిన ఓం తన శరీరంలోని అవయవాల్ని సంపన్న దేశపు వాళ్ళకు అమ్ముకునే ఒప్పందం మీద సంతకం పెడతాడు. గది మధ్యలో వేలాడే యంత్రంలో జిన్నీ అనే బంగారు జుట్టు తెల్లపిల్ల కనిపించి, ఏం తినాలో ఎలా ఉండాలో ఆ కుటుంబానికి చెప్తుంటుంది. ఆ అందమైన తెల్ల ముఖం వట్టి బొమ్మ అని, వెనక ఉన్నది ఇంకొకరి ఒంట్లో బతకాలనుకునే ముసలివాడని చివర్లో తెలుస్తుంది. ఓం భార్య జయ తలుపు గడియ పెట్టుకుని, కావాలంటే నువ్వే స్వయంగా ఇక్కడికి రా, నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకో అంటుంది. నాలుగైదు ముఖ్య పాత్రలు, ఒకటే సెట్టు. మన పరిషత్తు నాటక సమాజాలకు ఇది కష్టం కాదు. ఎవరైనా పూనుకుని, రచయిత్రి అనుమతి తీసుకుని దీన్ని తెలుగులో ఆడించండి.